పాచి పట్టిన గోడలు కడగడానికి ఏ పంపు కొనాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది టెక్కలి దగ్గర పల్లె. అయిదేళ్లు దుబాయ్‌లో బిల్డింగ్ క్లీనింగ్ కంపెనీలో చేసి, మొన్న సంక్రాంతికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. గోడకు మందు కొట్టి, కాసేపు ఆగి, తక్కువ ప్రెషర్‌తో కడిగే సాఫ్ట్ వాష్ పని అక్కడ చేశాను. కానీ మెషిన్లు కంపెనీవి, మందు కలిపేది సూపర్‌వైజరు. మన ఊళ్లలో మేడలకు ఈ పని మొదలుపెడదామని ఉంది. చేతిలో 1,20,000 రూపాయలు, ఒక ట్రాలీ ఆటో ఉన్నాయి. ఒక డీలరు పెట్రోల్ ఇంజిన్ పంపు, 500 లీటర్ల ట్యాంకు, 100 మీటర్ల పైపు కలిపి 95,000కు సెట్టు ఇస్తానంటున్నాడు. మా బావకు బైకులు కడిగే షాపు ఉంది, ఆ ప్రెషర్ మెషిన్ చాలంటాడు. మా నాన్న జీడితోటకు మందు కొట్టే స్ప్రేయర్ వాడుకోమంటున్నారు. ఏది సరైనది? డబ్బు పోతుందేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– శ్రీకాకుళం జిల్లా పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఆ 95,000 సెట్టు ఇప్పుడు కొనకు. ఎందుకో కింద వివరంగా చెబుతాను. ఈ రాత్రి నిద్ర పోవడానికి మాత్రం ఈ ఒక్క మాట చాలు.

నేను విజయనగరంలో చాలా ఏళ్లుగా పెయింటింగ్ పనులు పట్టిస్తున్నాను. గోడలు కడిగే పని దానిలోంచే మొదలైంది. నీకు మూడు వైపుల నుంచి మూడు సలహాలు వచ్చాయి కదా, మూడింటి వెనకా ఉన్న ఆలోచన ఒక్కటే: గట్టిగా కొడితే మురికి వదులుతుందని. నువ్వు దుబాయ్‌లో చూసే ఉంటావు, సాఫ్ట్ వాష్‌లో గోడను బాగుచేసేది మందు. పంపు చేసేదల్లా ఆ మందును గోడ మీదకు చేర్చడమే. కాబట్టి పంపు కొనేటప్పుడు అడగాల్సింది ‘ఎంత బలంగా కొడుతుంది’ అని కాదు, ‘ఈ మందును ఎన్నాళ్లు తట్టుకుంటుంది’ అని. నీ డబ్బంతా ఈ ప్రశ్న చుట్టూనే ఖర్చు పెట్టాలి.

మన గోడల సంగతి దుబాయ్ గోడల్లా ఉండదు. అక్కడ మీరు కడిగింది ఎక్కువగా ఇసుక, దుమ్ము. ఇక్కడ జూన్‌లో మొదలైన వాన, తుపానులతో కలిసి నవంబరు దాకా పోదు. గోడ ఆరేలోపే మళ్లీ తడుస్తుంది. కళింగపట్నం, బారువ వైపు అయితే గాలిలోనే తేమ. పిట్టగోడల మీద, సజ్జాల కింద, బాత్‌రూమ్ పైపులు దిగే చోట పచ్చగా, నల్లగా పట్టేది మట్టి కాదు. అది పాచి, బూజు. ప్రాణమున్నది. ప్రెషర్ మెషిన్‌తో కొడితే పైపొర లేచిపోయి గోడ తెల్లబడుతుంది, ఇంటాయన సంతోషిస్తాడు. పెచ్చు సందుల్లో మిగిలింది మళ్లీ వానలకు మొలుస్తుంది. చంపి కడిగితేనే నాలుగు కాలాలు నిలుస్తుంది.

చంపే మందు సోడియం హైపోక్లోరైట్. 2020లో కరోనా రోజుల్లో వీధుల్లో కొట్టిన హైపో ఇదే, అప్పుడు కొట్టింది 1 శాతం ద్రావణం. గోడలకూ మామూలుగా దాదాపు ఆ బలమే చాలు.

ఏ గోడ ఒప్పుకునే ముందైనా ఒక చిన్న పరీక్ష చెయ్యి. ఒక మూల నల్ల మరక మీద నాలుగు చుక్కల హైపో వేసి అయిదారు నిమిషాలు చూడు. రంగు విరిగితే అది పాచి, నీ పనే. విరగకపోతే అది రోడ్డు పొగ మసో, ఇనుప కడ్డీ నుంచి కారిన తుప్పో అయి ఉంటుంది. తుప్పు మరకకు హైపో పనికిరాదు సరికదా, ఇంకా ముదురుతుంది. ఈ పరీక్ష ఇంటివాళ్ల ముందే చెయ్యి. వాళ్లకు నమ్మకం కలుగుతుంది, నీకు మాట పోదు.

ఇప్పుడు నీ మూడు దారులు చూద్దాం.

నాన్నగారి స్ప్రేయర్ వద్దు. తోటల్లో వాడే హెచ్‌టీపీ పంపుల్లో ఇత్తడి భాగాలుంటాయి, హైపో వాటిని తినేస్తుంది. వీపుకు తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్ ఇంకా ప్రమాదం. వాషరు వదులైతే కారేది నీ వీపు మీదికే. పైగా పురుగుమందు కొట్టిన డబ్బాలో ఏం మిగిలిందో తెలియకుండా దాంట్లో హైపో పొయ్యకూడదు. ఆయన ప్రేమతోనే అన్నారు, ఖర్చు తగ్గాలని. ఆ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పు.

మీ బావ మెషిన్‌కు పని ఉంది, కానీ మందు కొట్టే పని కాదు. దాని ప్రెషర్ ఈ పనికి కావాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. సాఫ్ట్ వాష్‌కు 60 నుంచి 100 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) చాలు, అంటే కుళాయి పైపుకు వేలు అడ్డం పెట్టి కొట్టినదానికంటే కాస్త ఎక్కువ. ఉద్దానంలో 2018 తిత్లీ తుపాను తర్వాత అతుకులు వేసిన గోడలు చాలా ఉన్నాయి. వాటికి ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడుతుంది, వెంట్రుకవాసి పగుళ్లలోంచి నీళ్లు లోపలి గదిలోకి దిగుతాయి. గన్‌కు ముందు ఇంజెక్టర్ పెట్టి మందు లాగించే పద్ధతి కూడా ఉంది. అందులో మందు పంపు లోపలికి పోదు, అది మంచిదే. కానీ అది మందును దాదాపు పదింతలు పలచన చేస్తుంది. 10 శాతం హైపో పెట్టినా గోడ మీద పడేది 1 శాతమో, అంతకంటే తక్కువో. లేత పచ్చ పాచికి సరే, ఏళ్ల తరబడి నల్లబడిన పిట్టగోడకు చాలదు. బైకులు కడిగే చిన్న మెషిన్లలో నీటి ధార సరిపోక కొన్నిసార్లు అసలు మందే లాగదు. మందు పైపును నేరుగా ఆ మెషిన్ లోపలికి నీళ్లొచ్చే మూతికి మాత్రం ఎప్పుడూ పెట్టకు, నెల తిరక్కుండా పంపు పోతుంది. సిమెంటు నేల, గచ్చు, కాంపౌండ్ ముందు రాళ్లు కడగడానికి బావ దగ్గర అద్దెకు తీసుకో. అంతవరకే.

పెట్రోల్ పంపు చెడ్డదని నేననను. మూడు నాలుగు అంతస్తుల అపార్టుమెంట్లు నేల మీద నిలబడి కడగాలంటే అలాంటిదే కావాలి. నీకు మొదటి ఏడాది దొరికేవి గ్రౌండ్ ఫ్లోరు ఇళ్లు, జీ ప్లస్ వన్ మేడలు. రెండు అంతస్తులు, పిట్టగోడ కలిపి 23 అడుగులు. దానికి అంత ఇంజిన్ అక్కర్లేదు. ఇంకోటి, 500 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే 500 కిలోలు. పైన ట్యాంకు, ఇంజిన్, నువ్వు, హెల్పరు. నీ ట్రాలీ ఆటో ఆర్‌సీలో ఎంత బరువు రాసుందో ఒకసారి చూడు. డీలరు ఈ లెక్క చెప్పి ఉండడు.

నువ్వు కొనాల్సింది బ్యాటరీతో నడిచే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు, అంటే లోపల రబ్బరు లాంటి పొర ఆడుతూ మందును నెట్టేది. నిమిషానికి 20 లీటర్ల వరకు ఇచ్చేది, 100 పీఎస్ఐ దగ్గర ఆగేది. నేరుగా పోయే నాజిల్ పెడితే ధార దాదాపు 25 అడుగులు లేస్తుంది. పని అంతా నేల మీద నిలబడే చెయ్యొచ్చు, నిచ్చెన ఎక్కే అవసరం బాగా తగ్గుతుంది. నాకు ఈ పంపు నచ్చడానికి అసలు కారణం అదే.

అయితే ‘12 వోల్టుల పంపు’ అని అడిగితే షాపువాడు చేతికి దొరికింది ఇస్తాడు. నా మొదటి పంపు అలాగే కొన్నాను. ‘ఏ కెమికల్ అయినా పోసుకోండి సార్’ అన్నాడు. మూడో వారానికి తల దగ్గర బొట్లు బొట్లుగా కారడం మొదలైంది. విప్పి చూస్తే లోపలి రబ్బరు ఉబ్బి, జిగురుజిగురుగా అయిపోయింది. కారిన హైపో కింద ఉన్న వైర్లను తినేసి మోటారు కూడా పోయింది. అది నైట్రైల్ రబ్బరు. నీళ్లకు, నూనెలకు బాగుంటుంది, హైపోకు ఆగదు. హైపోకు ఆగే రకాల పేర్లతో నువ్వు అడగాల్సింది ఇలా: డయాఫ్రమ్ సాంటోప్రీన్‌దా, వాల్వులు విటాన్ లేక ఈపీడీఎం రబ్బరువా? బిల్లు మీద రాయించుకో. రాయనంటే ఆ షాపులో కొనకు.

పంపు తర్వాత పైపులు, జాయింట్లు. ఇక్కడే మనవాళ్లు పొదుపు చేసి దెబ్బ తింటారు. హైపో తగిలే చోట ఇత్తడి, అల్యూమినియం, జీఐ (జింకు పూత వేసిన ఇనుము), నైలాన్ ఉండకూడదు. ప్లంబింగ్ షాపులో అలవాటుగా ఇత్తడి నిపుల్ పెట్టేస్తారు, చూసుకో. పాలీప్రొపిలీన్ లేదా పీవీసీ ఫిట్టింగులు అడుగు. పైపు అర అంగుళం బ్రెయిడెడ్ (లోపల దారం అల్లిన) పీవీసీ, 30 మీటర్లు మొదటికి చాలు. సన్న పైపు తేలిగ్గా ఉంటుంది కానీ పొడవు పెరిగేకొద్దీ ధార చచ్చిపోతుంది. 100 మీటర్ల పైపుతో ఇంత చిన్న పంపు పనిచెయ్యదు, అంత దూరం అవసరమూ లేదు, ఆటోను గోడ దగ్గరకు తెచ్చుకోవచ్చు.

గన్ మూసినప్పుడల్లా పంపు టకటకమని ఆగుతూ మొదలవుతూ కొట్టుకుంటుంది. దానికి పంపు తర్వాత ఒక చిన్న అక్యుములేటర్, అంటే ప్రెషర్‌ను పట్టి ఉంచే బుడ్డి, పెట్టించు. పంపు ఆయుష్షు పెరుగుతుంది. బ్యాటరీ విషయంలో కారు బ్యాటరీ తీసుకోకు, అది స్టార్టింగు కోసం తయారైంది, పూర్తిగా దింపితే త్వరగా చస్తుంది. సోలారుకు వాడే చిన్న ట్యూబులర్ బ్యాటరీ మంచిది. నీ పంపు మీద రాసిన ఆంపియర్లతో లెక్క ఇలా చూడు: ఉదాహరణకు 8 ఆంపియర్లు లాగితే 40 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీ కాగితం మీద 5 గంటలు. బ్యాటరీ బతకాలంటే సగమే వాడాలి, అంటే రెండున్నర గంటలు. పంపు ఎక్కువ ఆంపియర్లు లాగితే ఆ సమయం అంతకంతకు తగ్గుతుంది. ఫ్యూజు లేకుండా మాత్రం వైరు కలపకు.

మందు, నీళ్లు, సబ్బు మూడింటినీ నాబ్ తిప్పి కలిపే ప్రపోర్షనర్ బోర్డు దుబాయ్‌లో చూసి ఉంటావు. అది ఇప్పుడు వద్దు. 100 లీటర్ల నీలం హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి, కొలతల జగ్గు ఒకటి చాలు. చేత్తో కలిపితేనే మందు నీకు అర్థమవుతుంది. హైపో 10 శాతం బలంతో ఉంటే, 90 లీటర్ల నీళ్లకు 10 లీటర్ల హైపో కలిపితే 1 శాతం. బాగా నల్లబడిన పిట్టగోడకు 70 నీళ్లు, 30 హైపో, అంటే 3 శాతం దాకా వెళ్లొచ్చు. అంతకు మించి వద్దు, రంగు పోతుంది. ముందు నీళ్లు, తర్వాత హైపో, చివర సబ్బు. సబ్బు వేస్తే మందు జారిపోకుండా గోడను అంటుకుని ఉంటుంది. అమ్మోనియా ఉన్నది, నిమ్మకాయ, వెనిగర్ లాంటి పులుపు ఉన్నది ఏ సబ్బూ పనికిరాదు.

ఈ లెక్కలన్నీ క్యాన్ మీద రాసిన 10 శాతం నిజమైతేనే. హైపో ఎండకు, వేడికి రోజురోజుకీ బలం పోగొట్టుకుంటుంది. మే నెలలో షెడ్డులో నెలపాటు పడి ఉన్న క్యాన్ 6 శాతానికి దిగిందనుకో, నువ్వు కలిపింది 0.6 శాతమే. గోడ విరగక, ‘మందు పనిచెయ్యలేదు’ అని ఇంకా ఇంకా పోస్తావు. తయారైన తేదీ చూసి తీసుకో, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొను, నీడన పెట్టు. మూత బిగించి ఊపిరాడకుండా పెట్టకు, లోపల గ్యాసు పుడుతుంది. గాలి పోయే మూతే వాడాలి.

బ్లీచింగ్ పౌడరు చవక కదా అని కొందరు నీళ్లలో కలిపి పంపుకు పెడతారు. అందులో సున్నం ఉంటుంది. నాజిల్ పూడుకుపోతుంది, గోడ మీద తెల్ల చారలు మిగులుతాయి. వద్దు.

ఇప్పుడు చెప్పేది పంపు కంటే ముఖ్యం. మన దగ్గర టైల్స్, గచ్చు కడగడానికి ప్రతి ఇంట్లో యాసిడ్ ఉంటుంది. నా దగ్గర పనిచేసిన కుర్రాడు ఒకరోజు యాసిడ్ వాడిన బకెట్‌ను సరిగా కడక్కుండా అందులో హైపో పోశాడు. పచ్చటి పొగ లేచింది. అది క్లోరిన్. గాలి కంటే బరువు, కిందికే దిగుతుంది. వాడు కూర్చుని పని చేస్తున్నాడు. నేను లాక్కొచ్చి గాలిలో పడుకోబెట్టేసరికి దగ్గు ఆగలేదు, కళ్లు ఎర్రబడిపోయాయి. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. ఆ రోజు నుంచి నా ఆటోలో యాసిడ్ ఎక్కదు, ఇంటివాళ్లు ‘ఆ టైల్స్ కూడా యాసిడ్‌తో కడిగేయండి’ అన్నా అదే రోజు చెయ్యను. నీ హెల్పరు ఎవరైనా సరే, మొదటి రోజు నేర్పాల్సింది ఇదే. హైపో బకెట్లకు, జగ్గులకు ఎర్ర పెయింటు వెయ్యి, వాటిని ఇంకో దానికి వాడొద్దు.

కళ్లను మూసి కాపాడే రక్షణ కళ్లద్దాలు, మోచేతి దాకా రబ్బరు గ్లవ్స్, గంబూట్లు ఇద్దరికీ కొను. 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్ ఎప్పుడూ ఆటోలో ఉండాలి. కంట్లో పడితే 15 నిమిషాలు ఆపకుండా కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ఇవి పంపు కొన్న రోజే కొనాలి, లాభం వచ్చాక కాదు.

గోడకు మందు కొట్టాక 10, 15 నిమిషాలు ఆగాలి, కానీ ఆరనివ్వకూడదు. అందుకే పొద్దున్నే, నీడ ఉన్న గోడతో మొదలుపెట్టు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది, మందు తుంపర పక్కింటి ఆరేసిన బట్టల మీద పడితే గొడవ ఖాయం. మందు కొట్టే ముందు చెట్లకు వేరు దాకా బాగా నీళ్లు పెట్టు, అయ్యాక మళ్లీ పెట్టు. తడిసిన ఆకు మందును తక్కువ పీలుస్తుంది. తులసి కోట, కరివేపాకు మొక్క ఎక్కడున్నాయో ముందే చూసుకో. ఒక ఇంట్లో నా వల్ల పెద్దామె పెంచుకున్న మల్లె తీగ మాడిపోయింది. కొత్తది తెచ్చి నాటాను, కానీ ఆమె ముఖం నాకింకా గుర్తుంది. పెరట్లో నుయ్యి ఉంటే తార్పాలిన్ కప్పు, పశువుల గోళెం పక్కకు జరిపించు. మీటరు, స్విచ్ బాక్సులు ప్లాస్టిక్‌తో చుట్టి మెయిన్ ఆపించు. మేడ పక్కనుంచి కరెంటు తీగలు పోతుంటే ఆ గోడ వైపు ధార కొట్టకు, పని పోయినా ఫర్వాలేదు.

కడగడానికి నీళ్లు చాలా కావాలి. నిమిషానికి 20 లీటర్ల ధార అరగంట నడిస్తే 600 లీటర్లు. అవి ఇంటివాళ్ల బోరు నుంచే తీసుకో, ముందే మాట్లాడుకో. కిటికీ అల్యూమినియం, గేటు, గ్రిల్స్ మాత్రం రెండుసార్లు కడుగు.

కొన్ని పనులు ఒప్పుకోకు. నాటు పెంకుల ఇంటి కప్పు ఎక్కకు, పెంకు నిలవదు, నువ్వూ నిలవవు. సున్నం వేసిన పాత గోడ కడిగితే సున్నం నీళ్లతోపాటే దిగిపోతుంది. శ్రీముఖలింగం లాంటి పాత రాతి గుళ్లు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఎవరైనా ఊరి పెద్ద ‘పుణ్యం వస్తుంది, కడుగు బాబూ’ అన్నా అక్కడ హైపో డబ్బా తెరవకు. రాయి లోపలికి ఉప్పు దిగి శిల్పం పొడిపొడిగా రాలుతుంది. పైపు లీకై పాచి పట్టిన గోడకు ముందు ప్లంబరును పిలిపించమని చెప్పు, లేదంటే వచ్చే ఏడాది ‘మీరు కడిగింది నిలవలేదు’ అంటారు.

పని ఎక్కడ దొరుకుతుందని అడగలేదు కానీ, అది కూడా చెప్పాలి. పెయింటర్లను పరిచయం చేసుకో. మన దగ్గర పాచి మీద నేరుగా ప్రైమర్ కొట్టేస్తారు, వానలకు రంగు పొలుసులుగా లేస్తుంది. పెయింటుకు రెండు రోజుల ముందు నువ్వు పాచి చంపి కడిగి ఇస్తే ఆ రంగు నిలబడుతుంది. ఈ మాట అర్థమైన మేస్త్రి ఒక్కడు దొరికినా ఏడాదంతా పని ఉంటుంది. మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగకు ముందు, మీ వైపు సంక్రాంతికి ముందు ఇళ్లకు రంగులు వేయిస్తారు. ఆ రెండు నెలలకూ ఇప్పటి నుంచే తయారవ్వు. ఈలోగా మీ ఇంటి గోడ, మీ బావ షాపు గోడ కడిగి చూడు. ఎన్ని లీటర్ల మందు, ఎంత గోడ, ఎంత సమయం, ఒక పుస్తకంలో రాసుకో. రేటు ఆ పుస్తకంలోంచే వస్తుంది, ఎవరో చెప్పిన చదరపు అడుగు లెక్కలోంచి కాదు.

1,20,000లో పంపు, బ్యాటరీ, పైపు, డ్రమ్ము, రక్షణ సామాను అన్నీ కలిపి సగం దాటనివ్వకు. మిగతాది బ్యాంకులో ఉంచు. ఒక వానాకాలం గడిచాక నాలుగు అంతస్తుల పనులు నిజంగా వస్తుంటే, అప్పుడు పెట్రోల్ పంపు గురించి మళ్లీ రాయి, కూర్చుని మాట్లాడుకుందాం.

పంపుతోపాటే ఒక వాల్వు కిట్టు, ఒక డయాఫ్రమ్ కూడా తెచ్చుకో, పని మధ్యలో పోతే టెక్కలిలో వెతుక్కోవడం కష్టం. ప్రతి సాయంత్రం పని అయ్యాక డ్రమ్ములో పది లీటర్ల మంచినీళ్లు పోసి, గన్‌లోంచి హైపో వాసన పోయేదాకా పంపు నడిపించి ఆపు.